పై క్యాంపులో ఆ చలికాలం

నిచ్చెన అన్నయ్యను సాగనంపి వచ్చిన రోజు నుంచి మా ఆయన కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. ముందుగదిలోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వరండాలోకి, అక్కణ్ణుంచి మళ్ళీ ముందుగదిలోకి. టీ గ్లాసు ఒకచోట పెట్టి ఇంకోచోట వెతుక్కోవడం, టీవీ పెట్టి చూడకుండానే కట్టేయడం. స్నేహితుడు పోయిన బాధ అనుకున్నాను మొదట్లో. కానీ బాధపడే మనిషి ఒక మూల కూలబడతాడు, ఇల్లు కొలవడానికి వచ్చినవాడిలా తిరగడు. నాకు అనుమానం రానే వచ్చింది.

నిచ్చెన అన్నయ్య మాకు చుట్టం కాదు. ఆయనా మా ఆయనా సైన్యంలో ఒకే యూనిట్లో లారీ డ్రైవర్లు. మనిషి పొడుగు చూసి అక్కడివాళ్ళు పెట్టిన పేరది, ఊడకుండా అతుక్కుపోయింది. నేను ఆయన్ని అన్నయ్య అన్నాను, ఆయన భార్య మా ఆయన్ని అన్నయ్య అంది, మేమిద్దరం వదినా వదినా అనుకుంటూ ముప్పై ఏళ్ళ పైనుంచీ ఒకరి వంటింట్లో ఒకరం పెత్తనం చేస్తున్నాం. రిటైరయ్యాక వాళ్ళు మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు తీసుకున్నారు. వారానికి రెండు పూటలైనా ఆయన భోజనం మా ఇంట్లోనే.

మాజీ సైనికులకు ఒక అలవాటుంది. తోటివాడు పోతే శ్మశానంలో అందరూ వరుసగా నిలబడతారు. ఒకాయన పోయినవాడి సర్వీసు రికార్డు పైకి చదువుతాడు. ఎక్కడెక్కడ పనిచేశాడు, ఏ మెడల్ ఎందుకు వచ్చింది, అంతా. ఆరోజూ చదివారు. "కొండ మీదికెళ్ళే కనుమ దారి మంచుతో మూసుకుపోయిన ఏడాది, చలికాలమంతా పై క్యాంపులో ఉండి సరుకు రవాణా చేసినందుకు ప్రత్యేక మెడల్" అని చదివేసరికి మా ఆయన మెడ తిప్పి ఆ చదివేవాడి వంక చూశాడు. వరుసలో నిలబడ్డవాడు మెడ తిప్పకూడదు. ఉద్యోగంలో ఉండగా అయితే మైదానం చుట్టూ పరుగెత్తించేవారు. నేను వెనకనుంచి చూస్తూనే ఉన్నాను.

కొన్నాళ్ళకు అసలు సంగతి బయటపడింది.

"నా రికార్డులో రెండు మెడల్స్ చేరలేదు. చేర్చమని అర్జీ పెడుతున్నా," అన్నాడు, నా మొహం చూడకుండా.

"ఇప్పుడా? చొక్కా గుండీలే ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంటారు. వాటి పక్కన బిళ్ళలు కూడా కావాలా?"

"రావాల్సినవి రావాలి కదా."

"ఏం మెడల్సట అవి?"

"ఒకటి దీర్ఘకాల సేవకి. అందరికీ ఇచ్చారు, నాది రాయడం మర్చిపోయారు."

"రెండోది?"

తువ్వాలు తీసి దులిపి, దులిపిన తువ్వాలునే మళ్ళీ దులిపాడు. "ఆఫీసుకెళ్ళాక చెప్తాలే," అని వరండాలోకి పోయాడు. ఈ వయసులో ఈయనకి మెడల్స్ మీద మోజేమిటో అని నేను పైకే సణుక్కున్నాను. స్నేహితుడికి చదివినంత పొడుగు జాబితా తనకి చదవరని దిగులు పట్టుకుందని నా లెక్క. మగవాళ్ళకి ఇలాంటి దిగుళ్ళు ఏ వయసులోనైనా వస్తాయి.

మాజీ సైనికుల కార్యాలయానికి నేనూ వెళ్ళాను. వెళ్ళకపోతే కళ్ళజోడు ఇంట్లో, కాగితాలు బస్సులో, మనిషి ఇంకెక్కడో ఉంటాడు. అది పాత బంగళా. లోపల చెక్క బల్లలు, గోడల పొడవునా ఇనప బీరువాలు, కిటికీ దగ్గర ఒక గుమాస్తా అమ్మాయి. మా ముందున్నవాళ్ళంతా ఆయన వయసువాళ్ళే. ఒక్కరూ కుర్చీలో నిమ్మళంగా కూర్చోరు. ఒకాయన మోకాలు ఊపుతాడు, ఒకాయన చేతికర్ర నేలకేసి కొడతాడు, ఇంకొకాయన లేచి తలుపుదాకా వెళ్ళి తిరిగొస్తాడు. మా ఆయన మూడూ చేశాడు.

గుమాస్తా అమ్మాయి కంప్యూటర్లో చూసి నవ్వింది. "దీర్ఘకాల సేవా మెడల్ మీకు రావాల్సిందే తాతగారూ. పొరపాటున వదిలేశారు. ఇది ఎక్కించేస్తాం, ఇబ్బందేం లేదు."

తాతగారు అన్న మాటకి నాకు ఎప్పటిలాగే ఎక్కడో చివుక్కుమంది. మాకు పిల్లల్లేరు.

"రెండోది మాత్రం కుదరదండీ. ఆ చలికాలం పై క్యాంపులో ఉన్నవాళ్ళకే అది. మీరు కింద డిపోలో ఉన్నట్టుంది."

"డిపోలో ఉన్నట్టు రాసి ఉంటుందమ్మా," అన్నాడు మా ఆయన. "నేను పై క్యాంపులో ఉన్నాను."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన ఆ అమ్మాయి వైపు చూడలేదు. నా వైపు చూశాడు.

ఇక్కడ నా సంగతి చెప్పాలి, లేకపోతే ఆ చూపు ఎవరికీ అర్థం కాదు. ఆ చలికాలమే నాకు కాన్పయింది. నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. బాబు పుట్టాడు, ఒక్క పగలు బతికాడు. నా తోడబుట్టిన అన్న ఆసుపత్రి నుంచి డిపోకి ఫోన్ చేశాడు. ఈయన పేరు చెప్పి పిలిపించమంటే, పిలిచిన మనిషి వచ్చి ఫోన్ అందుకుని, గరగరలాడే ఆ లైన్లో మా అన్న చెప్పిందంతా విని, "సెలవు దొరకదు, రాలేను" అని పెట్టేశాడు. డిపో నుంచి మా ఊరికి రైల్లో ఒక్క పూట ప్రయాణం. మంచులో చిక్కుకుపోయినవాడైతే నేనూ ఓర్చుకునేదాన్ని. వెచ్చగా డిపోలో కూర్చుని, చేతికందే దూరంలో ఫోన్ పెట్టుకుని, రాలేనన్నాడు. కనుమ తెరిచాక ఎప్పుడో ఇంటికొచ్చాడు. వచ్చి, కుర్చీలో కూర్చుని, ఇచ్చిన టీ తాగాడు. కంట్లోంచి ఒక్క చుక్క రాలేదు. ఆరోజు నేను ఆయనకి రాయి అని పేరు పెట్టాను. అప్పట్నుంచీ ఉప్పు ఎక్కువైనా, కరెంటు బిల్లు కట్టడం మర్చిపోయినా, ఏ గొడవ ఎక్కడ మొదలైనా నేను చివరికి ఆ డిపోలోకే వెళ్ళి తేలేదాన్ని. ఆయన ఎదురు చెప్పేవాడు కాదు.

ఇంటికొచ్చి తలుపు వేశాక చెప్పులు కూడా విప్పకుండా అడిగాను. "పై క్యాంపులో ఉన్నానన్నారు. ఏమిటది?"

కూర్చోలేదు. తిరుగుతూనే చెప్పాడు, నేను ఆయన వెనకే తిరుగుతూ విన్నాను.

"వదినకి అప్పుడు నెలలు దగ్గరపడ్డాయి. కాన్పు కష్టమవుతుందన్నారు డాక్టర్లు. సరిగ్గా అప్పుడే నిచ్చెనకి సరుకు లారీతో పైకెళ్ళే వంతు వచ్చింది. పైన ఫోన్ లేదు, డిపోలో ఉంది. ఒక్క ట్రిప్పే కదరా, నాలుగు రోజుల్లో దిగిపోతాను, నీ బదులు నేనెళ్తానన్నాను."

"నాకు మాత్రం నెలలు లేవా?"

"నీకింకా టైముందన్నారు కదా."

"మరి మీ పైవాళ్ళు ఊరుకున్నారా?"

"సార్జెంటుకి తెలుసు. పైకి ఎన్ని తలలు వెళ్ళాయి, కింద ఎన్ని తలలున్నాయి, లెక్క సరిపోతే చాలు ఆయనకి. డ్రైవర్లు వంతులు మార్చుకోవడం మామూలే. పేర్ల జాబితా ముందే టైపు చేసి పంపేశారు, దాంట్లో నిచ్చెన పేరుంది. నేను పైకెక్కాను, మంచు పడింది, కనుమ మూసుకుపోయింది. నాలుగు రోజులనుకున్నది చలికాలమంతా అయింది."

"అప్పుడైనా పేరు దిద్దించుకోవచ్చుగా."

"దిద్దితే ముగ్గురి ఉద్యోగాలూ పోతాయి. ఒకడి పేరు మీద ఇంకొకడు హాజరు పలికితే సైన్యంలో జైలే. దిగొచ్చేదాకా పైన నేను నిచ్చెన, కింద నిచ్చెన నేను."

"అయితే మా అన్నతో రాలేనన్నది..."

"వాడే. ఫోనేమో ఆఫీసరు బల్ల మీద. మా మొహాలింకా గుర్తుపట్టని కొత్త ఆఫీసరు ఎదురుగానే ఉన్నాడు. ఇంకేమంటాడు?"

నిజం చెప్పొద్దూ, నాకు జాలి కలగలేదు. అగ్గి మీద గుగ్గిలం వేసినట్టయింది. ఇన్నేళ్ళు నోరు మెదపని మనిషి, ఔననడానికో కాదనడానికో ఉన్న ఒక్కడూ పోయాక, ఇప్పుడు తీరిగ్గా కథ చెబుతున్నాడు.

"బాగుంది," అన్నాను. "చెప్పేవాడు మీరొక్కరే మిగిలారు. తప్పంతా పోయినాయన మీద పెట్టేస్తే సరిపోతుంది."

"నేను వాడి మీద పెట్టడం లేదు."

"ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"ఉద్యోగంలో ఉన్నంతకాలం భయం. నీకు చెప్తే నువ్వు వదినకి చెప్తావు, ఇద్దరూ కలిసి క్వార్టర్ల లైన్లో అందరికీ చెప్తారు."

"రిటైరయ్యాక?"

ఆగాడు. "వాడు మన ఇంట్లో అన్నం తింటున్నాడు. ఆ ఫోన్ ఎత్తింది వాడని తెలిస్తే నువ్వు పెట్టేదానివా?"

పెట్టేదాన్ని కాదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా తగ్గలేదు నేను. "రుజువు చూపించండి, నమ్ముతాను," అన్నాను.

"అందుకే అర్జీ పెట్టాను," అన్నాడు.

తర్వాత మా ఇంట్లో ఇద్దరం తిరగడం మొదలుపెట్టాం. ఆయన ఫ్యాను విప్పి రెక్కలు తుడిచి, బిగించి, శబ్దం వస్తోందని మళ్ళీ విప్పాడు. నేను సర్దిన బీరువానే సర్దాను. గేటు చప్పుడైతే ఇద్దరం ఒకేసారి లేచేవాళ్ళం, పోస్టుమాన్ కాదని తెలిశాక ఒకరినొకరు కసురుకునేవాళ్ళం. నమ్మితే ఒక బాధ, నమ్మకపోతే ఒక బాధ. నమ్మితే ఇన్నేళ్ళూ నేను తిట్టిన తిట్లన్నీ ఎక్కడ పెట్టుకోవాలి? నమ్మకపోతే ముసలితనంలో అబద్ధమాడే మొగుణ్ణి ఏం చేసుకోవాలి?

చివరికి కార్యాలయం నుంచి కబురొచ్చింది. విచారణకు రమ్మన్నారు. దాంతోపాటు ఒక మెలిక పెట్టారు. పై క్యాంపులో ఆ చలికాలం ఎంతమంది డ్రైవర్లు ఉన్నారో లెక్క ఉంది, అందరికీ మెడల్స్ ఇచ్చేశారు. కొత్తగా ఒకరిని చేర్చాలంటే ఆ లెక్కలోంచి ఒకరిని తీసేయాలి. ఎవరినైతే తీసేయమంటున్నారో వాళ్ళ కుటుంబం ఒప్పుకుంటున్నట్టు రాసివ్వాలి.

మా ఆయన కళ్ళజోడు తీసేశాడు. "తీసేయమని నేనడగలేదే. నన్ను చేర్చమన్నాను, అంతే."

"చేరిస్తే ఒక తల ఎక్కువవుతుందిగా మీ సార్జెంటు లెక్కలో," అన్నాను. నవ్వించాలని కాదు, పొడవాలనే అన్నాను.

"వదిన దగ్గరికి వెళ్ళి నీ మొగుడి మెడల్ ఇమ్మని నేనడగను. అర్జీ పోతే పోయింది."

"మీరు అడగొద్దు," అన్నాను. వెళ్ళాలని అప్పటికే నిర్ణయించుకున్నాను. ఆయన కోసం కాదు. ఇది తేలకపోతే నాకు పిచ్చెక్కేలా ఉంది.

నేను వెళ్ళేసరికి వదిన మంచం మీద అన్నయ్య చొక్కాలు పరిచి మడతపెడుతోంది. పొడుగాయన కదా, ఒక్కో చొక్కా మంచానికి సగం. గోడ మీద ఆయన ఫోటో, పక్కన అద్దం పెట్టెలో మెడల్స్. ఆ పెట్టె ఆమె కొడుకు స్వయంగా చేయించింది. ఆ చలికాలం పుట్టినవాడే. ఎవరొచ్చినా ముందు అక్కడికి తీసుకెళ్ళి చూపిస్తాడు.

డొంకతిరుగుడు నాకు చేతకాదు. మంచం అంచున కూర్చుని అడిగేశాను. "వదినా, నీ కాన్పప్పుడు అన్నయ్య ఎక్కడున్నాడు?"

ఆమె చెయ్యి ఆగలేదు. "డిపోలో."

"పై క్యాంపులో కాదూ?"

"పైనుంటే ఫోన్ ఎలా చేస్తాడు? ప్రతి ఆదివారం చేసేవాడు. పిల్లాడి ఏడుపు వినిపించమనేవాడు."

"మరి ఆ మెడల్?"

"అన్నయ్యది," అంది, గొడుగు ఎవరిదంటే చెప్పినంత మామూలుగా.

"నీకు తెలుసా?"

"మొదట్నుంచీ తెలుసు వదినా."

నాకు ఆ క్షణంలో ఆమెను కొట్టాలనిపించింది. ఎన్నిసార్లు ఆమె వంటింట్లో పీట మీద కూర్చుని మా ఆయన్ని దుమ్మెత్తిపోశాను. రాయి అన్నాను, కసాయి అన్నాను. ఆమె ఇంకో గరిటె వడ్డించి, "పోనీలే వదినా, తినేటప్పుడు ఎందుకు" అనేది. అన్నీ తెలిసి వడ్డించింది.

"ఒక్క ముక్క చెప్పలేకపోయావా?"

"మొదట్లో ఇద్దరి ఉద్యోగాలూ పోతాయని నోరు కట్టేశారు. తర్వాత..." చొక్కా ఒళ్ళో పెట్టుకుంది. "తర్వాత సిగ్గేసింది. నా కొడుకు నీ కళ్ళముందే పెరుగుతున్నాడు. నువ్వు వాడికి జేబులో బిస్కెట్లు పెడుతుంటే, మీ ఆయన నా మొగుడి బదులు వెళ్ళబట్టే నీకు తోడు లేకుండా పోయిందని ఏ మొహంతో చెప్పను?"

ఏం రాయాలో నన్నే చెప్పమంది. చెప్పాను, రాసి సంతకం పెట్టింది. గుమ్మం దాకా వచ్చి, "నా కొడుక్కి మాత్రం నువ్వే చెప్పు వదినా. నాకు నోరు రాదు," అంది. సరేనని కూడా అనకుండా వచ్చేశాను.

ఆ కాగితం సంగతి ఇంట్లో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే నాకే సరిగ్గా తెలియదు. నిజం చేతికొచ్చాక కోపం పోతుందనుకున్నాను, పోలేదు. ముగ్గురికి తెలిసిన సంగతి, నా కడుపుకోత సంగతి, నాకొక్కదానికే తెలియకుండా దాచారు. కోపమంతా ఇంట్లో దొరికే ఆయన మీదే చూపించాను. నల్లా కట్టలేదని ఒకసారి, కట్టాడని ఒకసారి.

విచారణ రోజున మమ్మల్ని లోపలి గదిలో కూర్చోబెట్టారు. రికార్డుల అధికారి నెమ్మదస్తుడు. ముందు దీర్ఘకాల సేవా మెడల్ ఎక్కించామని చెప్పి, చెయ్యి కలిపాడు. తర్వాత కళ్ళజోడు సర్దుకున్నాడు.

"రెండోది చూద్దాం. మీరు పైన ఉన్నారంటున్నారు. పైన ఉన్నవాడికి తప్ప తెలియనిది ఏదైనా ఉంటే చెప్పండి."

మా ఆయన కుర్చీలో ముందుకి జరిగాడు, వెనక్కి జరిగాడు. క్యాంపు ఎలా ఉండేదో, డీజిల్ గడ్డకడితే ఇంజను కింద మంట ఎలా పెట్టేవాళ్ళో చెప్పాడు. అధికారి తల ఊపుతున్నాడు గానీ రాసుకోవడం లేదు. అలాంటివి ఎవరైనా చెబుతారు.

"ఇంకొకటుంది సార్," అన్నాడు. "ఒకరోజు వైర్‌లెస్ ఆపరేటరు వచ్చి, నిచ్చెన అసలు పేరు పెట్టి పిలిచి, నీకు కబురొచ్చిందన్నాడు. పైన నేనే కదా నిచ్చెన. మగబిడ్డ పుట్టి పోయాడు, తల్లి క్షేమం. అంతే ఉంది అందులో."

నేను ఆయన వైపు తిరిగాను. ఇది నాకు చెప్పలేదు.

"నేను నిచ్చెన బిడ్డే అనుకున్నాను సార్. వాడి భార్యకే కదా కష్టమన్నారు. ఇంటి నుంచి వచ్చిన కబురు పేరు చూసి పైకి పంపేసి ఉంటారు, కింద ఉన్న వాడికి ఈ సంగతి తెలుసో లేదో అని అల్లాడిపోయాను. ఎవరితో చెప్పుకోను? పైన అందరూ నన్ను పట్టుకుని ఓదార్చారు. నేను వాడి కోసం ఏడ్చాను. తిండి దగ్గర ఏడ్చాను, స్టీరింగు పట్టుకుని ఏడ్చాను. చలికాలమంతా అదే పని. నా భార్య బాగుంది, నాకు బిడ్డ పుట్టబోతున్నాడు, వాడికే ఇలా అయిందే అనుకున్నాను."

అధికారి కలం కింద పెట్టాడు.

"కనుమ తెరిచాక దిగాను. వాణ్ణి చూసి ఇంజను ఆపకుండానే దూకాను. గట్టిగా పట్టుకుని, ఏం దిగులు పడకురా, మళ్ళీ పుడతారు అన్నాను. వాడు నన్ను విడిపించుకుని, అది నాది కాదురా, నీది అన్నాడు. నాకు చేరాలంటే వాడికి అదొక్కటే దారి. నా పేరుకి పంపితే కింద వాడి చేతికే వస్తుంది. అందుకని తన పేరుకే పంపాడు. ఎవరి బిడ్డో రాయడానికి లేదు."

బయట టైపు చప్పుడు వినిపిస్తోంది.

"ఇంటికెళ్ళాను," అన్నాడు. "ఈవిడ నా ఎదురుగా కూర్చుంది. నాకు ఏడుపు రాలేదు సార్. వేరే బిడ్డ అనుకుని అంతా ఏడ్చేశాను. మిగల్లేదు."

చేతిసంచిని గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

అధికారి కలం మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు. "మీ మాట నేను నమ్ముతున్నాను. కానీ నా నమ్మకంతో రికార్డు మారదు. ఆ కుటుంబం నుంచి ఏమైనా..."

సంచిలోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాను. ఆయన చదివాడు. "దీంతో సరిపోతుందమ్మా. ఆయన పేరు కొట్టేసి ఈయన పేరు రాస్తాం. ఎందుకు కొట్టేశామో కూడా ఆయన రికార్డులో రాయాల్సి ఉంటుంది. ఆ మెడల్ వాళ్ళు వాపసు ఇవ్వాలి."

మా ఆయన ఆ కాగితాన్నే చూస్తున్నాడు. "ఇదెప్పుడు తెచ్చావు?"

"పోయిన వారం."

"అంటే వారం నుంచీ నన్ను నమ్ముతూనే ఉన్నావా?"

"ఊఁ."

"మరి వారమంతా తిడుతూనే ఉన్నావుగా."

"తిట్టడానికి వేరే కారణాలు లేవా మీ దగ్గర?"

అధికారి తల వంచుకుని నవ్వు దాచుకున్నాడు. మా ఆయన చెయ్యి చాపి ఆ కాగితం తీసుకున్నాడు, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

"రెండో అర్జీ వద్దు సార్. కొట్టేయండి."

నాకు ఒళ్ళు మండింది. అంత సిగ్గు విడిచి వెళ్ళి తెచ్చాను. "ఎందుకు వద్దు? మీది మీకు రావద్దూ? మీరు డిపోలో ఉన్నారనే రాసి ఉండాలా చచ్చేదాకా?"

"అది నాకోసం పెట్టిన అర్జీ కాదే. నా నోటితో చెప్తే నువ్వు నమ్మవని తెలుసు. ప్రభుత్వం వాళ్ళు ముద్ర వేసి పంపిస్తే చదువుతావనుకున్నాను." జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నీకు తెలిసిందిగా. ఇంక వాణ్ణి అక్కణ్ణుంచి దింపడం దేనికి?"

వాదించాలని నోరు తెరిచాను. నాకు ఇంకా కావాలనే ఉంది, నలుగురూ చూసేలా రాసి ఉండాలని ఉంది. కానీ అధికారి నా జవాబు కోసం చూస్తుంటే, అద్దం పెట్టె ముందు నిలబడి చూపించే ఆ కుర్రవాడికి ఈ మాట చెప్పాల్సింది నేనేనని గుర్తొచ్చింది. "ఆయన ఇష్టం," అన్నాను.

బస్టాపులో జనం బాగానే ఉన్నారు. బెంచీ మీద కాస్త చోటు దొరికితే కూర్చున్నాం. ఆయన మోకాలు ఊపడం లేదు. మా బస్సు వచ్చింది. నేను లేవబోతే నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"వాడెలా ఉండేవాడు?" అన్నాడు.

ఇన్నేళ్ళలో ఆయన ఆ మాట అడగలేదు. రాని మనిషికి అడిగే హక్కు లేదని నేననుకున్నాను, ఆయనా అదే అనుకున్నట్టున్నాడు. లేవబోయినదాన్ని మళ్ళీ కూర్చున్నాను. బస్సు వెళ్ళిపోయింది.

"జుట్టు ఒత్తుగా ఉండేది," అన్నాను. "నుదుటి మీదికి పడేది."

"ఏడ్చాడా?"

"ఒకసారి. సన్నగా. మధ్యాహ్నం దాకా నా పక్కనే ఉన్నాడు. వేలు ఇస్తే పట్టుకున్నాడు."

"ఎవరి పోలిక?"

"చెవులు మీవే. పైన మొన తేలి."

ఆయన తన చెవి తడుముకున్నాడు. ఇంకో బస్సు వచ్చింది, అదీ వెళ్ళింది. ఆ తర్వాత నేల చూపులు చూస్తూ, "పేరేమైనా అనుకున్నావా?" అన్నాడు.

అనుకోవడం కాదు, పెట్టాను. ఆ పగలంతా వాణ్ణి ఆ పేరుతోనే పిలిచాను. మా అమ్మకి చెప్పలేదు, అన్నకి చెప్పలేదు, వదినకీ చెప్పలేదు. ఆయన చెవి దగ్గరగా వంగి చెప్పాను.

ఆయన ఒకసారి మెల్లగా ఆ పేరు పలికాడు. రెండోసారి పలకబోయి, అంతమంది మధ్య, బెంచీ మీద ముందుకి వంగిపోయి ఏడ్చాడు. పక్కనున్నవాళ్ళు జరిగి చోటిచ్చారు. నేను ఊరుకోమనలేదు.